రాసేవాళ్లున్నారు, చదివేవాళ్లేరీ?

బొగ్గు బాయి పని చేసే ఇంట్లో పుట్టినవాళ్లకు సర్దార్ అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. కార్మికులు పనిచోటికి చేరకముందే ఆయన అక్కడ ఉంటాడు. పైకప్పును తట్టి చప్పుడు వింటాడు. గాలి సరిగ్గా ఆడుతోందా, గ్యాసు జాడ ఏమైనా ఉందా అని చూస్తాడు. చూసిందంతా పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. బొగ్గు గనుల నిబంధనలు ఈ తనిఖీని తప్పనిసరి చేశాయి. దీనికి విడిగా పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. బొగ్గు కొట్టే చెయ్యి ఎంత ముఖ్యమో, చోటు చూసే కన్నూ అంతే ముఖ్యమని సింగరేణి ప్రాంతం చాలా ఏళ్ల కిందటే నేర్చుకుంది.

గోదావరిఖని, రామగుండం, సెంటినరీ కాలనీ ఇళ్ల నుంచి ఇప్పుడు బాయికి వెళ్లేవాళ్లకంటే కంప్యూటర్ చదువులకు వెళ్లాలనుకునే పిల్లలే ఎక్కువగా కనిపిస్తారు. ఆ రంగంలోనూ అచ్చం ఇలాంటి పని ఒకటుంది. దాని పేరు కోడ్ రివ్యూ. ఒకరు రాసిన ప్రోగ్రామును, అది నడకలోకి రాకముందే మరొకరు వరుస వరుసా చదువుతారు, ప్రశ్నలడుగుతారు, అభ్యంతరాలు చెబుతారు, తృప్తి పడితే తమ పేరు చేరుస్తారు. 1976లోనే ఐబీఎం ఇంజినీరు మైకేల్ ఫేగన్ దీన్ని ఒక క్రమపద్ధతిగా రాసి ప్రచురించాడు. యాభై ఏళ్లు కావస్తున్నా మన కాలేజీల్లో ప్రోగ్రాము రాయడం నేర్పినంతగా చదవడం నేర్పడం లేదు.

రివ్యూల్లో అన్నిటికంటే ఓపిక కోరేది ఒకటుంది. షెల్ స్క్రిప్టులో ఉన్న ఫంక్షన్‌ను సి భాషలోకి మార్చినప్పుడు ఆ మార్పును చదవడం. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. పాతది ఏం చేస్తుందో కొత్తదీ అదే చేయాలి, అంతేగా అనిపిస్తుంది. కష్టమంతా ఆ ‘అదే’లోనే ఉంది.

షెల్ అంటే నల్ల తెర మీద మనం టైపు చేసే ఆదేశాలను అందుకుని నడిపించే ప్రోగ్రాము. ఆ ఆదేశాలనే ఒక ఫైల్లో వరుసగా రాసిపెడితే అది షెల్ స్క్రిప్టు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో బయటికొచ్చింది. బ్రయాన్ ఫాక్స్ 1989లో రాసిన బ్యాష్ దాని వారసత్వమే. రాత్రిపూట బ్యాకప్ తీయడం, పాత లాగ్ ఫైళ్లు తుడిచేయడం, సర్వర్ ఆన్ కాగానే పనులు మొదలుపెట్టడం వంటివి ఇవాళ్టికీ ఎన్నోచోట్ల స్క్రిప్టులతోనే నడుస్తున్నాయి. పది నిమిషాల్లో రాయొచ్చు, రాసిన వెంటనే నడపొచ్చు. అదే దాని బలం.

సి అలా కాదు. డెనిస్ రిచీ 1970ల మొదట్లో రూపొందించిన ఈ భాషలోనే 1973లో యూనిక్స్‌ను తిరగరాశారు. ఇందులో ప్రతి అక్షరానికీ చోటు మనమే అడగాలి, పని అయ్యాక మనమే తిరిగి ఇవ్వాలి. చాకిరీ ఎక్కువ, వేగమూ ఎక్కువే.

ఒకదాన్నుంచి మరోదానికి ఎందుకు మార్చాలి? దీనికి ‘గిట్’ కంటే మంచి ఉదాహరణ లేదు. ప్రోగ్రాముల్లో ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేశారో దాచిపెట్టే సాధనం గిట్. హైదరాబాద్‌లో అయినా డల్లాస్‌లో అయినా ఉద్యోగంలో చేరిన తెలుగు కుర్రాడు మొదటివారమే దీన్ని పట్టుకోక తప్పదు. లినక్స్ కెర్నల్ బృందం వాడుకుంటున్న బిట్‌కీపర్ ఉచిత లైసెన్సు చేజారడంతో 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టాడు. అదే ఏడాది జులై నుంచి జూనియో హమానో దీని బాధ్యత చూస్తున్నాడు. లోపలి యంత్రాంగాన్ని మొదటినుంచీ సి లోనే రాశారు. మనిషి టైపు చేసే పై ఆదేశాల్లో చాలావాటిని మాత్రం మొదట్లో తొందరగా షెల్ స్క్రిప్టులుగా రాసుకున్నారు.

లినక్స్ మీద పెద్ద ఇబ్బంది కనిపించలేదు. విండోస్ మీదికి వెళ్లేసరికి చుక్కలు కనిపించాయి. షెల్ స్క్రిప్టు తనంతట తాను చేసే పని తక్కువ. ప్రతి చిన్న పనికీ ఇంకో ప్రోగ్రామును పుట్టించి దానితో చేయిస్తుంది. లినక్స్‌లో కొత్త ప్రాసెస్‌ను పుట్టించడం చవక. విండోస్‌లో ఆ పద్ధతే వేరు. షెల్‌కు కావాల్సిన తీరును అక్కడ నటించి చూపించాలి, దానికి సమయం పడుతుంది. పైగా ఆ షెల్‌ను, దానికి కావాల్సిన చిన్న చిన్న సాధనాలన్నిటినీ గిట్‌తో పాటు మోసుకెళ్లాలి. స్క్రిప్టులు ఎంతగా ఇతర ప్రోగ్రాముల మీద ఆధారపడతాయో తెలియాలంటే లినక్స్ ఇంజినీరు లెనార్ట్ పోట్టరింగ్ 2010లో చెప్పిన లెక్క చూడాలి. తన కంప్యూటర్‌లో సేవలను మొదలుపెట్టే స్క్రిప్టుల్లో గ్రెప్ కనీసం 77 చోట్ల, ఆక్ 92 చోట్ల, సెడ్ 74 చోట్ల, కట్ 23 చోట్ల, ఇలా చిన్న సాధనాలకు పిలుపులు ఉన్నాయని ఆయన లెక్కగట్టాడు. ఆ స్క్రిప్టుల స్థానంలో ఆయన తెచ్చిన సిస్టమ్‌డీ పుట్టుకకు ఇచ్చిన కారణాల్లో అదొకటి.

వేగం ఒక్కటే కారణం కాదు. లినక్స్ కోసం వచ్చిన స్టీమ్ గేమ్స్ ప్రోగ్రాములో ఒక స్క్రిప్టు వాడుకరి ఫైళ్లన్నీ తుడిచేసిన సంగతి 2015 జనవరిలో బయటపడింది. స్టీమ్ ఉన్న ఫోల్డరు పేరు ఒక చరరాశిలో ఉంటుంది. దాని వెనక ఒక వాలుగీత (/), ఒక నక్షత్రం గుర్తు (*) చేర్చి, అక్కడున్నవన్నీ తీసెయ్యమని ఆదేశం. ఏదో కారణాన ఆ చరరాశి ఖాళీ అయితే మిగిలేది గీత, నక్షత్రమే. అంటే కంప్యూటర్‌లో ఉన్నదంతా! రాసినవాళ్లకూ అనుమానం ఉన్నట్టుంది, ఆ వరుసకు పైనే ఇది భయం గొలిపేదని వ్యాఖ్య పెట్టుకున్నారు. భయపడ్డవాళ్లు ఆగి, చరరాశి ఖాళీగా ఉందేమోనని ఒక్క వరుసలో పరీక్షించి ఉంటే సరిపోయేది. రివ్యూ చేసే మనిషి ఆపాల్సింది సరిగ్గా ఇలాంటిచోటే.

గిట్‌లో ఈ మార్పిడి ఏళ్ల తరబడి సాగింది. 2008లో వచ్చిన విడుదలల్లో కమిట్, క్లోన్, మెర్జ్ ఆదేశాలు సి లోకి వచ్చాయి. 2015లో పుల్ వంతు. 2018 డిసెంబరులో వచ్చిన 2.20లో రీబేస్, 2019 జూన్‌లో వచ్చిన 2.22లో స్టాష్ మారాయి. తప్పు ఏ మార్పుతో వచ్చిందో వెతికిపెట్టే బైసెక్ట్ మీద ఒక విద్యార్థి 2016లో పని మొదలుపెడితే, ఆ స్క్రిప్టు చివరి ఆనవాళ్లు 2023 మార్చిలో 2.40తో గానీ పోలేదు. ఏడేళ్లు! అంతకాలం పట్టింది సోమరితనం వల్ల కాదు.

ఎందుకు పట్టిందో తెలియాలంటే ఒక ఫంక్షన్‌ను దగ్గరినుంచి చూడాలి.

స్టాష్ అంటే సగంలో ఉన్న పనిని పక్కన దాచిపెట్టే ఆదేశం. దాచేముందు అసలు దాచడానికి ఏమైనా ఉందా అని చూసుకోవాలి. పాత స్క్రిప్టులో ఆ పని ‘నో చేంజెస్’ అనే మూడు వరుసల ఫంక్షన్‌ది. కమిట్‌కు సిద్ధం చేసినవాటిలో తేడా ఉందా? చేతిలో ఉన్న ఫైళ్లలో తేడా ఉందా? గిట్‌కు ఇంకా తెలియని కొత్త ఫైళ్లను కూడా చూడమంటే, అవేమైనా ఉన్నాయా? మూడింటికీ లేదని జవాబు వస్తేనే ఫంక్షన్ నిజమంటుంది. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

ఇప్పుడు సి లోకి రండి. షెల్‌లో సున్నా అంటే విజయం, నిజం. సి లో సున్నా అంటే అబద్ధం. పాత పేరు ‘మార్పులు లేవు’ అని అడిగేది, కొత్త పేరు ‘మార్పులున్నాయేమో చూడు’ అంటుంది. ప్రశ్న తిరగబడింది, సున్నాకు అర్థమూ తిరగబడింది. రెండూ కలిసి సరిపోయాయా, ఎక్కడైనా ఒక్కటే తిరగబడిందా అన్నది ఆ ఫంక్షన్‌ను పిలిచే ప్రతిచోటికీ వెళ్లి చూడాలి. సి లో ‘కాదు’ అనే అర్థమిచ్చే ఒక్క ఆశ్చర్యార్థకం గుర్తు తక్కువైతే దాచాల్సిన పనిని దాచడానికి ఏమీ లేదని చెప్పే ప్రోగ్రాము తయారవుతుంది.

అక్కడితో అయిపోలేదు. తేడాలు వెతికే ఆదేశం తేడా లేకపోతే సున్నా, ఉంటే ఒకటి ఇస్తుంది. తానే ఏదో కారణాన విఫలమైతే ఇంకో పెద్ద అంకె ఇస్తుంది. పాత స్క్రిప్టుకు ఈ మూడో సంగతి పట్టదు. సున్నా కాకపోతే మార్పు ఉన్నట్టే అనుకుని ముందుకు పోయేది. సి లో రాసిన ఫంక్షన్ మీద వ్యాఖ్య చూస్తే మూడు జవాబులూ విడివిడిగా కనిపిస్తాయి. సున్నా కంటే తక్కువైతే లోపం, సున్నా అయితే మార్పుల్లేవు, ఎక్కువైతే మార్పులున్నాయి. అయితే దాన్ని పిలిచే పై ఫంక్షన్ మాత్రం లోపాన్నీ మార్పునూ ఒకేగాటన కడుతుంది, పాత స్క్రిప్టు లాగే. ఈ ఫంక్షన్ ఒక్కటే చదివినవాడికి ఆ సంగతి తెలియదు. పాతదాన్ని పక్కన పెట్టుకుని, పిలిచేచోటు దాకా వెళ్లినవాడికే తెలుస్తుంది.

పక్కనే ఉన్న ఇంకో ఫంక్షన్ కొత్త ఫైళ్ల జాబితా తెచ్చిపెడుతుంది. అందులో రెండు చరరాశులకు కొటేషన్ గుర్తులు లేవు. షెల్ రాసేవాళ్లకు పెద్దలు నేర్పే మొదటి పాఠమే చరరాశికి కొటేషన్లు పెట్టమని. అందుకే కొత్త రివ్యూయర్ దీన్ని తప్పనుకోవచ్చు. నిజానికి అది కావాలనే చేసిన పని. కొటేషన్ లేని ఖాళీ చరరాశి ఆదేశంలోంచి పూర్తిగా మాయమవుతుంది. కొటేషన్ ఉంటే ఖాళీ మాటగా మిగిలి, ‘పేరు లేని ఫైలు’ అడిగినట్టవుతుంది. ఈ మాయమయ్యే గుణం సి లో లేదు. అక్కడ ఖాళీ అయితే చేర్చకు, ఉంటేనే చేర్చు అని విప్పి రాయాలి. పాత స్క్రిప్టు నోరు తెరిచి చెప్పని పనిని కొత్త కోడ్ మాటల్లో చెప్పాలన్నమాట.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. స్క్రిప్టులో బ్రాకెట్ల మధ్య ఫోల్డరు మారితే బ్రాకెట్ దాటగానే పాత చోటికే వచ్చేస్తాం. సి లో ఫోల్డరు మార్చామంటే ప్రోగ్రాము మొత్తం అక్కడికి మారిపోయినట్టే. బ్రాకెట్ల లోపల స్క్రిప్టు ఆగిపోతే ఆగేది ఆ ముక్క ఒక్కటే. సి లో అదే చావు ఆదేశం ప్రోగ్రామంతటినీ చంపేస్తుంది. ఒక ఆదేశం ఇచ్చిన జవాబును చరరాశిలో పట్టుకుంటే చివరి ఖాళీ వరుసలను షెల్ చెప్పకుండానే కత్తిరిస్తుంది, సి ఉంచేస్తుంది. గొట్టాలతో (పైపులతో) నాలుగు ఆదేశాలు కలిపితే మామూలుగా చివరిదాని ఫలితమే లెక్క. మొదటిది విఫలమైనా ఎవరికీ తెలియదు. మార్చేటప్పుడు ఆ మౌనాన్ని కొనసాగించాలా, లోపాన్ని పట్టుకోవాలా? ఇక్కడ రివ్యూయర్ తీర్పు చెప్పాల్సిందే, తప్పించుకోవడానికి లేదు.

అయితే గిట్ వాళ్లు ఇంత పెద్ద పనిని ఎలా లాక్కొచ్చారు? ఒక్కసారిగా మార్చలేదు. స్టాష్ విషయంలో ముందు ‘స్టాష్ హెల్పర్’ అని సి లో ఒక సహాయక ప్రోగ్రాము పెట్టారు. అప్లై అనే ఉప ఆదేశాన్ని ముందు దానిలోకి తెచ్చారు. స్క్రిప్టు అలాగే ఉంది, ఆ ఒక్క పనికి మాత్రం హెల్పర్‌ను పిలుస్తుంది. తర్వాత డ్రాప్, క్లియర్, బ్రాంచ్, పాప్, ఇలా ఒక్కొక్కటీ తీసుకొచ్చారు. అన్నీ వచ్చాక హెల్పర్‌నే స్టాష్‌గా మార్చారు. చదివేవాడి ముందు ఒకసారికి ఒక ముక్కే ఉంటుంది. మూడు వేల వరుసలు ఒక్కసారి ముందు పెడితే ఎంతటివాడైనా బాగుందని తలూపి వదిలేస్తాడు. యాభై వరుసలిస్తే యాభైనీ చదువుతాడు.

ఇంకో మంచి అలవాటు, నకలునూ మెరుగునూ కలపకపోవడం. ముందు స్క్రిప్టు చేసినట్టే, అవసరమైతే అవే బయటి ఆదేశాలను పిలుస్తూ సి లో రాశారు. ఒకే తనిఖీ రెండుసార్లు జరుగుతున్న చోట దాన్ని ఒకసారికి తగ్గించడం, బయటి ప్రాసెస్‌ల బదులు లోపలి ఫంక్షన్లు వాడటం వంటివి తర్వాత విడి మార్పులుగా వచ్చాయి. మారుస్తున్నాం కదా, పనిలో పనిగా దీన్ని బాగుచేద్దామనే ఉత్సాహం ఉంటుంది చూశారూ, దాన్ని రివ్యూయర్ మొహమాటం లేకుండా ఆపాలి. రెండూ కలిస్తే తేడా ఎక్కడ వచ్చిందో ఎవరూ కనిపెట్టలేరు.

పరీక్షలూ అండగా నిలిచాయి. గిట్ పరీక్షల్లో ఎక్కువ భాగం షెల్ స్క్రిప్టులే. లోపల ఆదేశం షెల్‌లో ఉందా సి లో ఉందా అనేది వాటికి అక్కర్లేదు. పాతదాని మీద నెగ్గిన పరీక్ష కొత్తదాని మీదా నెగ్గాలి. మార్పిడికి ముందే, పరీక్ష లేని మూలలకు కొత్త పరీక్షలు రాసి చేర్చారు. అంతా అయ్యాక కూడా తమ మీద తాము పూర్తి భరోసా పెట్టుకోలేదు. 2.20లో కొత్త రీబేస్ వచ్చినప్పుడు పాత స్క్రిప్టును వేరే పేరుతో అందులోనే ఉంచారు. ఏదైనా బెడిసికొడితే ఒక సెట్టింగ్‌తో పాతదానికి వెళ్లే వీలిచ్చారు. కొన్నాళ్లు కుదురుగా నడిచాకే దాన్ని తీసేశారు. గిట్‌లో స్క్రిప్టులన్నీ పోయాయని మాత్రం అనుకోవద్దు. ఫిల్టర్ బ్రాంచ్ అనే పాత ఆదేశం ఇంకా షెల్‌లోనే ఉంది. దానికి బదులు వేరే సాధనం వాడమని దాని సొంత మాన్యువలే సలహా ఇస్తుంది. ప్రతిదాన్నీ సి లోకి మార్చాలన్న మొండిపట్టు ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా.

సి లోకి వస్తే కష్టాలు తీరవు, వేరే కష్టాలు మొదలవుతాయి. 2014 ఈ సంగతిని రెండువైపులా చూపించింది. ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ సి లో రాసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని లోపం. అవతలివాడు చెప్పిన పొడవును నమ్మి, సరిచూడకుండా, పక్కనున్న మెమరీని కూడా చదివి పంపేది. అది నడకలోకి వెళ్లేముందు రివ్యూ కూడా దాటింది. సెప్టెంబరులో బయటపడ్డ షెల్‌షాక్ బ్యాష్‌లోని లోపం. ఎన్విరాన్‌మెంట్ ద్వారా అందే ఫంక్షన్ నిర్వచనం వెనక ఏదైనా ఆదేశం తగిలిస్తే బ్యాష్ దాన్నీ నడిపేసేది. ఆ లోపం 1989 నుంచీ అందులోనే ఉంది. పాతికేళ్లు అందరి కళ్ల ముందే! చూసేవాళ్లు లక్షల్లో ఉన్నా, చదివేవాళ్లు లేకపోతే జరిగేది ఇదే.

అందుకే సి లోకి వచ్చిన ప్రతి ఫంక్షన్‌ను రెండుసార్లు చదవాలి. ఒకసారి పాత స్క్రిప్టుతో పోలుస్తూ. ఇంకోసారి పాతదాన్ని మరిచిపోయి, కేవలం సి గా. అడిగిన మెమరీని అన్ని దారుల్లోనూ తిరిగి ఇస్తున్నారా, మధ్యలో లోపం వచ్చి బయటికి వెళ్లేదారిలో కూడా? విడుదల చేసిన చోటును మళ్లీ తాకుతున్నారా? మొదటి విలువ ఇవ్వకుండానే చరరాశిని చదువుతున్నారా? స్క్రిప్టులో ఈ ప్రశ్నలే లేవు, కాబట్టి పోలిక ఒక్కటే చేసినవాడికి ఇవి తట్టవు.

ఈ రోజుల్లో స్క్రిప్టును ఇస్తే సి కోడ్‌ను క్షణాల్లో రాసిచ్చే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. రాసే శ్రమ తగ్గింది, మంచిదే. చదివే శ్రమ మాత్రం తగ్గలేదు, పెరిగింది. ఎందుకంటే ఆ కోడ్ చూడ్డానికి ఎప్పుడూ పొందికగానే ఉంటుంది. తిరగబడ్డ సున్నా, మాయం కావాల్సిన ఖాళీ మాట, పొందికైన కోడ్‌లో ఇంకా బాగా దాక్కుంటాయి.

గిట్‌లో ఈ మార్పిడి పనుల్లో చెప్పుకోదగ్గ భాగం చేసింది విద్యార్థులు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమం కింద 2016లో బైసెక్ట్, 2017, 2020, 2021ల్లో సబ్‌మాడ్యూల్ ఆదేశాల పనులు చేసినవాళ్లు భారతీయ విద్యార్థులే. వాళ్లు రాసినదాన్ని ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు బహిరంగంగా చదివి, ఎక్కడ బాగోలేదో కారణంతో సహా చెప్పారు. రెండో రూపం, మూడో రూపం, కొన్నింటికి పదో రూపం దాకా వెళ్లింది. చదివి ఒప్పుకున్నవాళ్ల పేరు ‘రివ్యూడ్ బై’ అని మార్పు కిందే చరిత్రలో ఉండిపోతుంది. ఏ ఫీజూ లేకుండా ఇంత మంచి పాఠం దొరికే చోటు ఇంకొకటి లేదు. కావాల్సింది ఒక మామూలు కంప్యూటర్, నెట్ కనెక్షన్, తప్పు చెప్పించుకునే మనసు.

మంథని జేఎన్‌టీయూ కాలేజీ ఉన్నది సింగరేణి సెంటినరీ కాలనీలోనే. అక్కడా, కరీంనగర్, పెద్దపల్లి జిల్లాల మిగతా కాలేజీల్లోనూ సి ల్యాబ్ ఉంటుంది. విద్యార్థి ప్రోగ్రాములు రాస్తాడు, రికార్డు బుక్కు నింపుతాడు. అధ్యాపకులకు ఒక్క విన్నపం. ఒక్క సెమిస్టరులో, ఒక్క ల్యాబులో, పక్కవాడు రాసిన ప్రోగ్రామును చదివి రెండు పేజీల రివ్యూ రాస్తే మార్కులివ్వండి. తప్పు పట్టినందుకు కాదు, ఎందుకు తప్పో చూపించినందుకు ఇవ్వండి. విద్యార్థులు అందాకా ఆగనక్కర్లేదు. గిట్ మూలం ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. 2.21లో స్టాష్ షెల్ స్క్రిప్టు ఉంది, 2.22లో బిల్టిన్ ఫోల్డరులో దాని సి రూపం ఉంది. రెండింటినీ పక్కపక్కన తెరిచి ‘నో చేంజెస్’ దగ్గర మొదలుపెట్టండి.